అత్తమ్మను వదిలేయొద్దు, రెండు పార్కులు పెట్టుకోవద్దు: సిరోంచ చెల్లికి జవాబు

ప్రశ్న: అక్కా, మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. మిర్చి, పత్తి వేస్తం. ఇంట్ల నేను, మా ఆయన, మా అత్తమ్మ, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప. ఈసారి మిర్చికి నాలుగు పైసలు మిగిలినయి. పిల్లలను హైదరాబాద్ తీసుకపోతమని మాటిచ్చినం. బాబు వండర్‌లా అంటున్నడు. అత్తమ్మ రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలంటున్నది. మా ఆయనేమో, "అంత దూరం పోయినంక రెండూ చూద్దాం. చార్మినార్, గోల్కొండ, జూ కూడా కలిపి రెండు రోజుల్ల తిరిగొద్దాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పాప చిన్నది, వాళ్లిద్దరినీ ఇంట్ల ఉంచుదాం" అంటున్నడు. ఇట్లాంటి పార్కుకు మేం ఎవ్వరం ఎన్నడూ పోలేదు. ఎప్పుడు పోవాలె, ఎట్ల పోవాలె, ఎంత అయితది? పిల్లలు తప్పిపోతరేమోనని నాకు భయం కూడా ఉన్నది.

జవాబు: చెల్లీ, ముందు నా మాట చెప్పేస్తాను. ఐదుగురూ వెళ్లండి. ఒక్క పార్కే చూడండి. ఈసారికి అది రామోజీ ఫిల్మ్ సిటీ కావాలి. చార్మినార్, గోల్కొండ, జూ మాట ఎత్తకండి. మీ ఆయన లెక్క మగవాళ్లందరూ వేసే లెక్కే. బస్సు చార్జీలు పెట్టి అంత దూరం పోయాక ఒక్కటే చూసి వస్తే డబ్బు దండగ అనిపిస్తుంది. కానీ రెండు రోజుల్లో ఐదు చోట్లు తిరిగితే పిల్లలకు మిగిలేది బస్సులో నిద్ర, క్యూలో ఏడుపు. ఒక్కచోట పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొందర లేకుండా గడిపితే అదే ఏళ్లపాటు చెప్పుకుంటారు.

రామోజీయే ఎందుకంటే, మీ ఇంట్లో ఎవరున్నారో చూసి చెబుతున్నాను. వండర్‌లాలో పిల్లల వయసు చూడరు, ఎత్తు చూస్తారు. టికెట్టూ ఎత్తును బట్టే, రైడ్లూ ఎత్తును బట్టే. కడుపులో తిప్పేసే పెద్ద రైడ్లలో చాలావాటికి 140 సెంటీమీటర్లు దాటి ఉండాలి. టైలర్ టేపుతో ఇవాళే బాబును గోడకు నిలబెట్టి కొలిచి చూడు. పదకొండేళ్ల పిల్లల్లో కొందరు 140 దాటతారు, కొందరు ఇంకా దాటరు. రెండు సెంటీమీటర్లు తక్కువైనా గేటు దగ్గరి మనిషి ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. భుజాల మీద పడే ఆ ఇనుప కడ్డీ ఆ ఎత్తు వాళ్లకు సరిపోయేలా చేసింది, పొట్టి పిల్లలు కిందికి జారిపోయే ప్రమాదం ఉంది. వాడు స్నేహితుల దగ్గర విని ఆశపడేది సరిగ్గా ఆ రైడ్ల మీదే. అంత దూరం పోయి వాటి ముందు నిలబడి వెనక్కి రావడం కంటే రెండేళ్లు ఆగడం మేలు. పాపకైతే అక్కడ చిన్నపిల్లల రైడ్లు, నీళ్లలో ఆడే చోటు దొరుకుతాయి కానీ రోజంతా మీ ఇద్దరిలో ఒకరు బాబుతో, ఒకరు పాపతో విడిపోవాల్సి వస్తుంది. మీ అత్తమ్మ మాత్రం టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చి బ్యాగుల దగ్గర కూర్చుంటుంది.

రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి వేరు. అది 1996లో మొదలైంది. 1,666 ఎకరాలతో ప్రపంచంలోనే పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అంత జాగా కాబట్టి అందరినీ నడిపించడం వాళ్లకే కుదరదు, బస్సుల్లోనే తిప్పుతారు. పెద్ద గేటు దగ్గర టికెట్టు తీసుకోగానే ఒక బస్సు లోపలికి తీసుకుపోతుంది. లోపల పక్కలు తెరిచి ఉన్న ఎర్ర బస్సులు సెట్ల మధ్య నుంచి పోతుంటే గైడు ఏది ఏమిటో చెబుతూ ఉంటాడు. రైల్వే స్టేషను, విమానాశ్రయం, బజారు వీధులు, రాజుల కోటలు అన్నీ సినిమాల కోసం కట్టినవే. ఒకే భవనానికి ముందువైపు ఒక ముఖం, పక్కవైపు ఇంకో ముఖం పెట్టి రెండు మూడు రకాలుగా వాడుకుంటారు. ఇన్నేళ్లు తెర మీద చూసిన ఆస్పత్రి, స్టేషను ఇదేనా అని మీ అత్తమ్మ ఆశ్చర్యపోతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి కూర్చున్న చోటు నుంచే సగం చూసెయ్యొచ్చు. పాపకు ఫండూస్థాన్ అనే ఆటల చోటు ఉంది. బాబుకు వైల్డ్ వెస్ట్ స్టంట్ షో, తుపాకులు, గుర్రాలు, కొట్లాటలు. మామూలు టికెట్టులోనే కొన్ని రైడ్లు కూడా వస్తాయి.

అత్తమ్మను ఇంట్లో ఉంచే మాట మాత్రం మీ ఆయనతో గట్టిగా మాట్లాడు. గోదావరి మీద బ్రిడ్జి రాక ముందు పడవ ఎక్కి కాళేశ్వరం పోయిన తరం వాళ్లది. అమ్మ రావాలంటోంది, నొప్పులున్నా అడుగుతోందంటే మనసులో ఎంత ఉందో చూడు. మళ్లీ ఎప్పుడు తీసుకుపోతారు? పాపనూ అంతే, అన్న ఒక్కడు పోయి వచ్చి కథలు చెబుతుంటే ఆరేళ్ల పిల్ల ఊరుకోదు.

ఇక ఎప్పుడు పోవాలన్నది. మన సరిహద్దు వాళ్లకు దేవుడిచ్చిన ఒక వరం ఉంది, చాలామంది వాడుకోరు. తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు. మన విదర్భలో ఎండల మూలంగా మిగతా మహారాష్ట్ర కంటే కూడా ఆలస్యంగా, జూన్ 20 దాటాకే తెరుస్తారు. అంటే జూన్ 12 తర్వాత పది రోజుల పాటు హైదరాబాద్ పిల్లలంతా బడిలో ఉంటారు, మన పిల్లలు ఇంట్లో ఉంటారు. ఎండలు తగ్గుతాయి, ఒకటి రెండు వానలు పడి చల్లబడుతుంది, క్యూలు చిన్నవవుతాయి. ఆ పది రోజుల్లో మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి చూసుకో. ఈ ఏడు మీ బడి ఏ తేదీకి తెరుస్తారో ముందే గురువులను అడిగి పెట్టుకో. మే నెలలో మాత్రం వద్దు. సెలవుల రద్దీ, ఎండ రెండూ కలిసి మీ అత్తమ్మను పడుకోబెడతాయి.

మృగశిర కార్తె వస్తే విత్తనాలు పెట్టాలి కదా అంటావు. నిజమే. వాన సరిగ్గా పడిందంటే మీ ఆయన మనసు చేను మీదే ఉంటుంది, అప్పుడు బలవంతంగా తీసుకుపోయినా ఫోన్లో కూలీలతో మాట్లాడుతూనే ఉంటాడు. అందుకని బస తప్ప ముందే ఏదీ డబ్బు కట్టి ఇరుక్కోకండి. బస కూడా రద్దు చేసుకునే వీలున్నదే చూడండి. వాన తొందరపడితే ఈ ప్రయాణాన్ని దివాళీ సుట్టీలకు జరపండి. అక్కడా మనకు అదే లాభం. తెలంగాణలో పెద్ద సెలవులు బతుకమ్మ, దసరాకు, దీపావళికి ఒకటి రెండు రోజులే. మనకు దసరాకు కొద్దిగా, దివాళీకి పెద్దగా. దీపావళి అయిపోయిన తర్వాతి వారంలో మామూలు రోజు చూసుకుని పోతే హైదరాబాద్ తన పనిలో తాను ఉంటుంది. పత్తి ఏరడం మొదలవుతుంది కాబట్టి ఆ రెండు మూడు రోజులకు ఇంటి దగ్గర మనిషిని చూసుకోవాలి. జూలై, ఆగస్టులు అసలు పెట్టుకోకండి. ప్రాణహిత, గోదావరి పొంగితే మన దారులు ఎట్లా తెగిపోతాయో నీకు నేను చెప్పాలా! డిసెంబర్, జనవరిల్లో బడి పిల్లల పిక్నిక్ బస్సులు వరుస కడతాయి, మామూలు రోజు కూడా ఆదివారంలా ఉంటుంది.

దారి సంగతి. సిరోంచ నుంచి బ్రిడ్జి దాటితే కాళేశ్వరం. అక్కడి నుంచి మహదేవపూర్, భూపాలపల్లి, పరకాల మీదుగా హనుమకొండ. హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులకు కొదవ లేదు. మొత్తం సుమారు 270 కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరితే చీకటి పడక ముందు చేరతారు. బల్లార్షా, చంద్రపూర్ వైపు నుంచి ఇది చదివేవాళ్లకు కాజీపేట మీదుగా సికింద్రాబాద్ పోయే రైలే సుఖం.

డబ్బు దగ్గర ఒక మాట ముందే తెలుసుకో. మన ఎస్టీ బస్సుల్లో, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సుల్లో, 2023 మార్చి నుంచి ఆడవాళ్లకు సగం టికెట్టు అలవాటైపోయింది. అది మన రాష్ట్రం గట్టు దాకే. అటు తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టే లేదు, కానీ అది తెలంగాణ చిరునామా ఉన్న కార్డు చూపించినవాళ్లకు. మన ఆధార్ మీద మహారాష్ట్ర అని ఉంటుంది. పక్క సీటులో మహదేవపూర్ ఆమె జీరో టికెట్టు తీసుకుంటుంటే మనం పూర్తి టికెట్టు కొనాలి. కండక్టరుతో వాదించి లాభం లేదు. నీకు, అత్తమ్మకు పోను రాను పూర్తి చార్జీలు లెక్కలో రాసుకో.

ఊర్లో జీపు మాట్లాడుకుని పోదామనుకుంటే బండి ఓనరును ఒకటే అడగండి, తెలంగాణలో తిరగడానికి పర్మిట్ ఉందా అని. మన నంబరు ప్లేటు చూసి దారిలో ఆపుతారు. మాట మీద కాకుండా కాగితం చూశాకే బయానా ఇవ్వండి.

హైదరాబాద్‌లో ఎక్కడ దిగాలన్నది నీ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యం. చాలామంది సికింద్రాబాద్ దగ్గరో, అబిడ్స్ దగ్గరో లాడ్జి తీసుకుని, పొద్దున రెండు గంటలు ట్రాఫిక్‌లోనే పోగొట్టుకుంటారు. రామోజీ ఫిల్మ్ సిటీ నగరంలో లేదు, విజయవాడ రోడ్డు మీద అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. కాబట్టి వరంగల్ వైపు నుంచి వచ్చే మీరు నగరం లోపలికి పోనే వద్దు. ఉప్పల్‌లో దిగండి. అక్కడి నుంచి ఎల్‌బీ నగర్‌కు రింగు రోడ్డు మీద సిటీ బస్సులు, ఆటోలు ఉంటాయి. ఎల్‌బీ నగర్‌లోనో, హయత్‌నగర్‌లోనో బస తీసుకోండి. పొద్దున అక్కడి నుంచి విజయవాడ రోడ్డు బస్సు ఎక్కితే నేరుగా ఫిల్మ్ సిటీ గేటు. ముందురోజు సాయంత్రమే చేరి, తిని, తొందరగా పడుకోండి. రాత్రి బస్సులో కూర్చుని వచ్చి అటునుంచి అటే పార్కుకు పోవడం మాత్రం చెయ్యకండి. పాప మధ్యాహ్నానికల్లా భుజం మీద నిద్రపోతుంది, ఇక ఆమెను మోసుకుని తిరగడమే మీ ఆయన పని. లాడ్జిలో పెద్దవాళ్లందరి అసలు ఆధార్ కార్డులు అడుగుతారు, అత్తమ్మది మరిచిపోకు.

మన పిల్లల విషయంలో ఇంకొకటి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, చదువు మరాఠీలో కాబట్టి తెలుగు బోర్డు చదవలేరు. బస్సు ముందు ఏం రాసుందో, బాత్రూం ఎటో, ఏ గేటు నుంచి బయటికి పోవాలో వాళ్లకు అర్థం కాదు. హిందీలో రాసినవి మాత్రం చదివేస్తారు. బాబుకు బయలుదేరే ముందు ఎల్‌బీ నగర్, రామోజీ ఫిల్మ్ సిటీ అన్న రెండు పేర్లు తెలుగులో రాసి చూపించు, గుర్తుపడతాడు. నోటితో అడగడానికైతే భయం లేదు. నాగపూర్‌లోనో, ముంబైలోనో అయితే మీ అత్తమ్మ నోరు కట్టేసుకుని కూర్చోవాలి. ఇక్కడ ఎవరినైనా ఆపి "బిడ్డా, ఎటు పోవాలె" అని అడిగేస్తుంది.

తప్పిపోతారన్న నీ భయం తప్పు కాదు, ఉండాల్సిన భయమే. పొద్దున బయలుదేరేటప్పుడు ఆరోజు బట్టల్లో పిల్లలిద్దరినీ ఫోన్లో ఒక ఫోటో తీసుకో. కనిపించకపోతే ఏ రంగు చొక్కా అని తడుముకోకుండా అదే చూపించొచ్చు. పాప చేతి మీద బాల్‌పెన్నుతో మీ ఇద్దరి నంబర్లు రాయి. అత్తమ్మ దగ్గర ఒక కాగితం మీద మీ నంబర్లు, లాడ్జి పేరు రాసి కొంగుకు ముడి వెయ్యి, ఫోన్లో చార్జింగ్ అయిపోయినా పనికొస్తుంది. బస్సు దిగిన ప్రతిచోటా, "విడిపోతే ఇక్కడికే రావాలె" అని ఒక గుర్తు చూపించు. యూనిఫాం వేసుకున్న వాళ్లను తప్ప ఇంకెవరినీ సాయం అడగొద్దని పిల్లలిద్దరికీ ముందురోజు రాత్రే చెప్పు.

ఇక ఆ రోజు. మామూలు రోజుల్లో పొద్దున 9 గంటలకు లోపలికి వదులుతారు, సాయంత్రం 5:30 ప్రాంతానికి ముగుస్తుంది. తొమ్మిదికే గేటు దగ్గర ఉండండి. బయటి తిండి లోపలికి రానివ్వరు, కాబట్టి బసలోనే కడుపునిండా తిని బయలుదేరండి. నువ్వు ఇంటి నుంచి కట్టుకొచ్చే సద్ది, పులిహోర, రొట్టెలు అన్నీ దారి ప్రయాణానికే. అత్తమ్మ మందులు చీటీతో సహా దగ్గర పెట్టుకో. మందులకు అడ్డు చెప్పరు. లోపలికి పోగానే ఏ షో ఎన్ని గంటలకో కాగితం తీసుకుని, అందులోంచి రెండో మూడో ఎంచుకుని, మిగతా సమయం వాటి చుట్టూ సర్దుకోండి. అన్ని షోలూ చూడాలని పరిగెత్తితే ఒక్కటీ సరిగా చూడరు. సెట్ల బస్సు పొద్దున్నే ఎక్కండి, ఎండ పెరిగాక ఆ తెరిచిన బస్సులో కూర్చోవడం కష్టం. మధ్యాహ్నం ఎండలో నీడ పట్టున ఉండే షోలకు పోండి. అప్పుడే అత్తమ్మ కాళ్లకు విశ్రాంతి. ఒకరు కనిపెట్టుకుని ఉంటే పాప ఫండూస్థాన్‌లో ఆడుకుంటూ గంట గడిపేస్తుంది. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట మంచివే, కానీ నడక ఎక్కువ. అత్తమ్మ "ఇక్కడ కూర్చుంటా, మీరు పోయి రండి" అంటే ఆమె మాట విని ఎవరో ఒకరు ఆమెతో ఉండండి, ఒంటరిగా వదలకండి. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్టు తీసుకునేటప్పుడే అడగండి, తర్వాత లోపల వెతుక్కోవడం కష్టం. సహస్ అనే సాహసాల చోటుకు వేరే టికెట్టు, ఈసారికి వదిలెయ్యండి. చీకటి గదుల్లో భయపెట్టే బోరాసుర లాంటి చోటికి పాపను "ఏం కాదు రా" అని లాక్కుపోకండి, రాత్రి నిద్ర పట్టక ఏడ్చేది మీ పక్కనే.

ఎంత అవుతుందన్నావు. టికెట్టు ధరలు రోజును బట్టి, పండుగను బట్టి మారతాయి. పెద్దవాళ్లకు తలకు వెయ్యి రూపాయల పైమాటే. మీ ఐదుగురికి టికెట్లకే ఆరు నుంచి ఎనిమిది వేలు పక్కన పెట్టు. దాని మీద బస్సులు, రెండు రాత్రుల బస, లోపల మధ్యాహ్నం భోజనం. బయటి హోటల్ ధరలు ఉండవు లోపల, ఆ ఒక్క పూటకు మనసు గట్టి చేసుకో. బొమ్మలు, టోపీల దుకాణాలు దారి పొడవునా ఉంటాయి, పిల్లలకు ముందే ఇంత అని చెప్పి వాళ్ల చేతికే ఇచ్చెయ్యి. అది అయిపోతే అంతే. టికెట్లు పార్కు సొంత వెబ్‌సైటులో గానీ, గేటు దగ్గర గానీ తప్ప ఎక్కడా కొనకండి. సగం ధరకు ఇస్తామని వాట్సాప్‌లో వచ్చే లింకులకు డబ్బు పంపితే అది పోయినట్టే.

మూడోరోజు పొద్దున లేచి ఇంటి దారి పట్టండి. హనుమకొండలో ఎలాగూ బస్సు మారాలి, అక్కడ ఒక గంట ఆగి వేయిస్తంభాల గుడి చూడండి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి, బస్టాండు నుంచి ఆటోలో దగ్గరే. చార్మినార్ తప్పిపోయిందన్న మీ ఆయన బాధా కొంత తీరుతుంది.

మిగిలింది బాబు. వాడికి ముందే నిజం చెప్పు. "నువ్వు 140 దాటినంక వండర్‌లా" అని మాటివ్వు, గోడ మీద ఆ ఎత్తు దగ్గర గీత గీసి పెట్టు. మాటిచ్చాక నిలబెట్టుకోవాలి మరి. అది రావిర్యాల దగ్గర, ఔటర్ రింగు రోడ్డు మీద ఉంది, 2016లో తెరిచారు. ఎల్‌బీ నగర్ బసే అప్పుడూ పనికొస్తుంది. ఆ రోజు వచ్చినప్పుడు ఈ రెండు మూడు మాటలు గుర్తుంచుకో. నీళ్ల ఆటలు మధ్యాహ్నానికి గానీ మొదలవవు, అందుకని పొద్దున పొడి రైడ్లు ముగించుకోవాలి. నీళ్లలోకి కాటన్ బట్టలు, చీరలు, చున్నీలతో దిగనివ్వరు, నైలాన్ రకం బట్టలు ఉండాలి. మన ఆడవాళ్లకు ఒంటినిండా ఉండే పొడుగు చేతుల టీషర్టు, లెగ్గింగ్ లాంటివి ఆ గుడ్డలో దొరుకుతాయి. లోపల కొనేకంటే ముందే హనుమకొండలో కొనుక్కో. బీపీ, గుండె జబ్బు, వెన్నునొప్పి ఉన్నవాళ్లూ, కడుపుతో ఉన్నవాళ్లూ ఎక్కకూడని రైడ్ల ముందు బోర్డు ఉంటుంది, మీ ఆయన ఉత్సాహపడినా చదివి వినిపించు. అప్పటికి పాపకూ తొమ్మిదేళ్లు దగ్గర పడతాయి, ఆమెనూ మళ్లీ కొలిచి చూశాకే తేదీ ఖాయం చెయ్యి.